పలకలపెంటలో వాలు రద్దు

పురాతన శిలాస్తర సంరక్షణ సంస్థను ప్రభుత్వం నెలకొల్పిన నాటికి, సంరక్షించవలసిన శిలల వయస్సు నూరు కోట్ల సంవత్సరాల పైమాట. సంస్థ లేకుండా అవి అంతకాలం ఎట్లా నెట్టుకొచ్చాయని ఎవరూ అడగలేదు.

సంస్థ పుట్టుకకు మూలం ఒక విందు. మా ప్రాంతపు రాళ్లను చూడడానికి వచ్చిన ఒక విదేశీ పండితుడు ఆ విందులో తన పక్కన కూర్చున్న పెద్దమనిషితో ఇట్లా అన్నాడట: "ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న ఇసుకా బురదా గట్టిపడి రాళ్లయ్యాయి. తరువాత తూర్పున పర్వతాలు లేచాయి. ఆ ఒత్తిడికి ఈ పొరలు ముడతలు పడి, ఒక పక్కకు వాలాయి. పర్వతాలు అరిగిపోయాయి గాని, అవి ఎప్పుడు లేచాయో, ఏ దిక్కు నుంచి నెట్టాయో మీ నేల రాసి పెట్టుకున్నది. ఇంత చక్కని పత్రం మా దేశంలో లేదు."

ఆ పెద్దమనిషికి చివరి వాక్యం ఒక్కటే అర్థమైంది. మూడు వారాలలో ఒక సంస్థ, ఒక భవనం, ఆరు కార్లు, ఒక చిహ్నం వెలిశాయి. పత్రికలలో ప్రకటనలు వచ్చాయి. పాఠశాల పిల్లలను ఎండలో నిలబెట్టి రాళ్లకు వందనం చేయించారు.

నిబంధనలు మాత్రం వెలియలేదు. మన పరిపాలనలో ఇటువంటి లోటుకు చిరకాలంగా ఒక మందు వాడుకలో ఉన్నది: సొంత నిబంధనలు తయారయ్యేవరకు మరొక శాఖ నిబంధనలను 'తగు మార్పులతో' అమలు చేయడం. ఆ రోజు అలమరలో చేతికి మొదట అందిన పుస్తకం, జిల్లా పాత కాగితాల గదుల నిర్వహణ నిబంధనావళి. అందులో 'కాగితము' అన్నచోట 'రాతిపొర' అనియు, 'అలమర' అన్నచోట 'కొండ' అనియు, 'చెదలు' అన్నచోట 'స్థానిక ప్రజలు' అనియు చదువుకొనవలెనని ఉత్తర్వు వెలువడింది.

కమిషనర్‌గా వచ్చిన అంబటిపూడి వైకుంఠరావు గారికి ఆ నిబంధనావళి కంఠస్థం. ఆయన ముప్పై సంవత్సరాలు పాత కాగితాల గదులను ఏలినవారు. ఆయన హయాంలో ఒక్క కాగితమూ పోలేదు. ఒక్క కాగితమూ ఎవరికీ దొరకలేదు. నిబంధనలన్నిటిలో పద్నాలుగవది ఆయనకు ప్రాణం: 'పత్రమును మడవరాదు, వంచరాదు, క్రమము తప్పించరాదు. ఒకసారి ఎక్కిన అక్షరమును ఎంతటి అధికారియు కొట్టివేయరాదు.' దానిని చట్రం కట్టించి తన కుర్చీ వెనుక తగిలించుకున్నారు.

నన్ను ఆ సంస్థ పాలకమండలిలో సభ్యురాలిగా వేశారు. ముప్పై ఆరేళ్లు భూగోళశాస్త్రం బోధించినందుకు కాదు; మండలిలో ఒక స్త్రీ ఉండాలన్న షరతు ఉన్నందుకు.

*

మొదటి తనిఖీ పలకలపెంటలో జరిగింది. నల్లమల పడమటి అంచున, వాలుగట్టు అనే కొండ కింద ముప్పై ఒక్క ఇళ్ల ఊరు అది. అందరూ బండలు చీల్చి పలకలు తీసే పనివాళ్లు. రాతిలో పొర ఎక్కడ విడివడుతుందో సుత్తె దెబ్బ చప్పుడును బట్టి చెప్పగలరు.

కమిషనర్ గారు కారు దిగి కొండవైపు చూసి నిలబడిపోయారు. కొండ నిండా రాతిపొరలు, ఒకదానిమీద ఒకటి, అన్నీ ఊరివైపే వాలి ఉన్నాయి.

"ఏమయ్యా, ఇవి వంగి ఉన్నాయేమిటి?"

సూపరింటెండెంట్ జ్ఞానప్రకాశం గొంతు సవరించుకున్నాడు. "మనం చార్జి తీసుకునే నాటికే వంగి ఉన్నాయి సార్."

"అట్లా అని అప్పగింత పత్రంలో రాయించుకున్నావా?"

"అప్పగించినవారు ఎవరూ లేరు సార్."

"అదే మరి. ఇప్పుడు నేరం మనమీదికి వస్తుంది."

ఈ మాటలు జరుగుతుండగా ఒక స్త్రీ చెంబుతో నీళ్లు పట్టుకుని ముందుకు వచ్చింది. ఓబులమ్మ, ఊరిలో అందరికంటె పెద్ద పనిమంతురాలు, అంటే బండను చీల్చే ముందు ఎక్కడ దెబ్బ వేయాలో మిగిలినవారు అడిగి తెలుసుకునే మనిషి. యాభై ఏళ్లుంటాయి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు.

"దాహం లేదమ్మా," అన్నారు కమిషనర్ గారు.

"తాగను గాదు సామీ. చూడను." ఆమె ఆ నీళ్లను బండమీద పోసింది. నీళ్లు క్షణం ఆగకుండా బండమీదుగా జారి, ఆమె ఇంటి గడప ముందు మడుగు కట్టాయి. "మేము రాయి తీసేముందు ఇట్లా పోసి చూస్తాము. నీళ్లు యాటికి పోతే రాయి ఆటికే పోతాది. ఈ పై బండ కింద జానెడు మందాన పలకమట్టి ఉండాది. తడిస్తే అది సబ్బే. గట్టు మీద బండకు పగులు పట్టింది. పోయిన యేడు ఆ సందులో నా చెయ్యి పట్టేది. ఈ యేడు మేకపిల్ల పడింది. వానలు రాకముందే మాకు వంక అవతల మెట్టమీద చోటు ఇప్పించండి. సర్కారు బంజరే, దాంట్లో కంప తప్ప ఏమీ లేదు. ఇండ్లు మేమే కట్టుకుంటాము."

అర్జీ మీద ముప్పై ఒక్క వేలిముద్రలు ఉన్నాయి. కమిషనర్ గారు దానిని అందుకుని, మడతలు విప్పి, చాలాసేపు చూశారు.

"దీన్ని నాలుగు మడతలు పెట్టావు," అన్నారు. "ఇకమీదట అర్జీలు మడవకుండా తీసుకురా."

*

పొరలు వంగడానికి కారణమేమిటో తేల్చడానికి మండలి సమావేశమైంది. విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పే డాక్టర్ నఫీసాను పిలిపించారు. చిన్న వయస్సు. తన సంగతి ఎవరైనా శ్రద్ధగా వింటారని ఇంకా నమ్మే దశలో ఉన్నది.

"పొరలు పడినప్పుడు సమంగానే పడ్డాయి సార్," అన్నదామె. "నీళ్ల అడుగున బురద సమంగానే పేరుకుంటుంది. తరువాత తూర్పు నుంచి ఒత్తిడి వచ్చింది. ఆ ఒత్తిడికే పర్వతాలు లేచాయి, ఆ ఒత్తిడికే ఇవి వంగాయి."

అర్థం కానట్లు అందరూ చూస్తుండడం వల్ల నేను లేచాను. బల్లమీది ఆకుపచ్చ గుడ్డను రెండు అరచేతులతో ఒక పక్క నుంచి నెమ్మదిగా నెట్టాను. కాన్వెంటులో మా సిస్టర్ నా పదకొండవ ఏట భోజనశాల బల్లమీద చూపిన పాఠమే అది. గుడ్డ మధ్యలో గట్లుగట్లుగా లేచింది. కమిషనర్ గారి టీ కప్పు ఒక గట్టు అంచున వాలి, ఫైలు మీద ఒలికింది.

"ఇదే పర్వతం పుట్టడం," అన్నాను. "ఆ కప్పు ఉన్నచోటే పలకలపెంట ఉన్నది."

కమిషనర్ గారు ఫైలును తుడుచుకుంటూ, "ఈ గుడ్డను బల్లకు మేకులతో బిగించండి," అని ఆదేశించారు. తరువాత నఫీసావైపు తిరిగారు. "అయితే, మొదట సమంగా ఉన్న ప్రభుత్వ పత్రాన్ని తరువాత ఎవరో వంచారు."

"ఎవరో కాదు సార్. పర్వతం."

"అనుమతితోనా?"

"అప్పటికి మనుషులే లేరు సార్. చెట్లు కూడా లేవు."

"అనుమతి లేదని రాసుకోండి. ఆ పర్వతం ఇప్పుడు ఎక్కడున్నది?"

"అరిగిపోయింది. కోట్ల సంవత్సరాల ఎండకూ వానకూ అరిగి, దాని ఇసుకా గులకరాళ్లూ ఏరులలో కొట్టుకువచ్చి, ఈ ప్రాంతంలోనే పై పొరలుగా పడ్డాయి."

"పరారీలో ఉన్నదనుకున్నాను. మన స్వాధీనంలోనే ఉన్నదన్నమాట," అన్నారు కమిషనర్ గారు, కొంత ఊరట చెంది.

పాపం నఫీసా ఉత్సాహపడింది. "ఇంకొక విశేషం సార్! పర్వతంలో ముందు అరిగేది శిఖరం. కాబట్టి శిఖరపు రాళ్లు అడుగున పడతాయి. లోపలి రాళ్లు ఆ తరువాత బయటపడి, వాటిమీద పడతాయి. అంటే ఆ పర్వతం మన పొరలలో తలకిందులుగా ఉన్నది. కింది నుంచి పైకి చదువుకుంటూ పోతే, ఎప్పుడో మాయమైన కొండను శిఖరం నుంచి మొదలు వరకు చూసినట్లే!"

జ్ఞానప్రకాశం మెల్లగా, చావు కబురు చెప్పినట్లు అన్నాడు: "క్రమము తప్పించినారు సార్."

"వంచడమే గాక, తలకిందులు!" కమిషనర్ గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. "నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇటువంటి అపచారం చూడలేదు."

"సార్, ఆ వాలు ఊరివైపే ఉన్నది," అన్నది నఫీసా. "పై బండకు ఉన్న పట్టు అంతా కింది మట్టిపొరే. పగులు నేనూ కొలిచాను. ఈ వానలకు..."

"డాక్టర్ గారూ, ఎజెండాలో ఊరు లేదు."

*

పర్వతానికి సంజాయిషీ నోటీసు జారీ అయింది. 'ప్రభుత్వమునకు చెందిన పత్రములను అనుమతి లేకుండ వంచి, మడచి, క్రమము తప్పించి, తదుపరి విధులకు గైరుహాజరై యున్నందున, మీపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలోగా తెలుపవలెను.' చిరునామాదారు స్వయంగా లభ్యం కానందున నోటీసును కొండకు అంటించారు. రెండవ రోజున దానిని మేకలు తిన్నాయి. 'అందినట్లు భావించడమైనది' అని ఫైలులో రాశారు.

పదహారవ రోజున ఏకపక్ష ఉత్తర్వు వెలువడింది. 'సంజాయిషీ రానందున, పర్వతము చేసిన వంపును అనధికార చర్యగా నిర్ణయించి రద్దుపరచడమైనది. సదరు పొరలన్నియు నిక్షేపమైన తేదీ నుండియు సమతలముగానే ఉన్నట్లు భావించవలెను.'

వాలుగట్టు పేరు సమతలగట్టు అయింది. కొత్త పేరుతో నీలం బోర్డు పెట్టారు. కొండమీద నిలబెట్టిన బోర్డు ఊరివైపు వాలి కనిపించడంతో, దానిని పాతినవాడికి మెమో ఇచ్చారు.

ఇంజనీరింగు విభాగం నుంచి ఒకరు రసమట్టం తెచ్చి బండమీద పెట్టారు. తాపీమేస్త్రీలు గోడ సరిచూసుకునే ఆ చిన్న గొట్టంలోని బుడగ ఒక్క పరుగున పైకొసకు పోయి అక్కడే ఉండిపోయింది. ఉత్తర్వు ప్రకారం కొండ సమతలం, బుడగ కాదంటున్నది. రెండింటిలో సంతకం ఉన్నది ఉత్తర్వు మీదనే. అందువల్ల జిల్లాలోని రసమట్టాలన్నీ తప్పు చూపుతున్నాయని తేల్చి, వాటిని సమతలగట్టు మీద పెట్టి, బుడగ ఎక్కడ నిలిస్తే అక్కడ కొత్త గీత గీయించారు.

తరువాత జరిగినదానికి నేను ప్రత్యక్ష సాక్షిని. సవరించిన రసమట్టంతో సంస్థ భవనాన్నే తనిఖీ చేశారు. భవనం పద్దెనిమిది డిగ్రీలు పక్కకు ఒరిగి ఉన్నట్లు బయటపడింది. భవనాన్ని వెంటనే సరిచేయడం వీలుపడదు గనుక, ముందుగా సామాను సరిచేశారు. ప్రతి బల్లకూ, ప్రతి కుర్చీకీ తూర్పు కాళ్ల కింద ఇటుకలు పెట్టి లేపారు. కలాలు దొర్లిపోతుంటే దారాలతో కట్టారు. ఫైళ్లు జారకుండా రాళ్లు పెట్టారు; ఆ రాళ్లూ జారాయి. మధ్యాహ్నానికి ఉద్యోగులందరూ పడమటి గోడ దగ్గర చేరేవారు. సాయంత్రం అటెండరు వచ్చి వారిని తిరిగి వారి వారి స్థానాలకు నెట్టేవాడు. టైపిస్టు ఒక చేత్తో బల్లను పట్టుకుని, రెండవ చేత్తో పని చేసుకుంటూ, తన జీవితంలో మొదటిసారి సమంగా కూర్చున్నట్లున్నదని కమిషనర్ గారితో చెప్పి పదోన్నతి పొందింది.

ఓబులమ్మ అర్జీ సంగతి కనుక్కోవడానికి అటువంటి ఒక ఉదయాన వచ్చింది. ఈసారి కాగితాన్ని మడవకుండా, పలకకు అంటించి, చంకలో పెట్టుకుని తెచ్చింది. గుమ్మంలో నిలబడి గదిని తేరిపార చూసింది.

"ఏం సార్, మేజాలకు కాళ్లు పొట్టి పడినాయా?"

"సమం చేశాము," అన్నాడు జ్ఞానప్రకాశం, తన కుర్చీని పట్టుకుని.

"ఇటుకలు తీసేస్తే?"

"తీయకూడదమ్మా. ఉత్తర్వు."

"అది గాదు సార్. ఇటుకలు ఉండబట్టే ఇట్లా నిలబడింది గదా అని."

జ్ఞానప్రకాశం సొరుగులో నుంచి అర్జీ మీద వచ్చిన జవాబు తీసి చదివాడు. 'వాలు లేని చోట జారుట సాధ్యము కాదు. జారుట సాధ్యము కాని చోట భయము సహేతుకము కాదు. సహేతుకము కాని భయమును ఆధారము చేసికొని భూమి కేటాయించుట కుదరదు. అర్జీ తిరస్కరించడమైనది.'

"అంటే?"

"మీ గట్టు జారదంట."

"గట్టుకు ఎవురు చెప్పినారు?"

"నోటీసు ఇచ్చినాములే."

"మా మేకలు తిన్నిందేనా?"

నేను మండలి సమావేశంలో అసమ్మతి పత్రం సమర్పించాను. కొండకు వాలు ఉన్నదనీ, వాలు కింద మనుషులు ఉన్నారనీ, మనుషులను ముందు తరలించి మిగిలిన విచారణ తరువాత చేసుకోవచ్చుననీ మూడే మూడు వాక్యాలు రాశాను. కమిషనర్ గారు చదివి, నాకు గౌరవంగా నమస్కరించారు. "మేడమ్, మీ భాష చాలా శుద్ధంగా ఉన్నది. కాన్వెంటులో చదివినా ఒక్క ఆంగ్లపదం వాడలేదు. దీనిని భద్రపరుస్తాము." భద్రపరిచారు. దానిని మరల ఎవరూ చూడలేదు.

*

సెప్టెంబరు నెలలో నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన కురిసింది. అయిదవ రోజు ఉదయం ఓబులమ్మ ఫోను చేసింది.

"టీచరమ్మా, బండ కింద నుంచి నీళ్లు ఊరుతాండాయి. నిన్నటిదాకా తేటగా ఉండె. ఈ పొద్దు ఎర్రగా వస్తాండాయి."

"మట్టి కరుగుతున్నది," అన్నాను.

"అదే. మేము పోతాండాము. పర్మిషను వచ్చినాక చెప్పు."

నేను ఆటోలో వెళ్లేసరికి ఊరు ఊరంతా వంక దాటుతున్నది. మోకాటిలోతు నీళ్లలో ముసలివాళ్లను మంచాలమీద మోస్తున్నారు. మేకలను మెడలమీద వేసుకున్నారు. కొందరు ఇళ్ల తలుపులు ఊడదీసి నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. ఓబులమ్మ ఒడ్డున నిలబడి, ఇంటికొకరి పేరు పిలిచి మనుషులను లెక్క పెట్టుకుంటున్నది. ఎవరో అవ్వ తన రోలు కోసం వెనక్కి పోతానంటే, "రోలు చేసి ఇచ్చేది నేను గదా, ఇంగోటి చేసిస్తా, కూసో!" అని గట్టిగా కసిరింది.

పదకొండు గంటలకు సంస్థ కారు వచ్చింది. ఓబులమ్మ నాకంటె ముందు తాసిల్దారు కచేరీకి ఫోను చేసిందనీ, అక్కడివారు విషయాన్ని సంబంధిత శాఖకు బదిలీ చేశారనీ అప్పుడు తెలిసింది. సంబంధిత శాఖ జ్ఞానప్రకాశాన్ని పంపింది. మెట్టమీదికి ఎక్కి, గొడుగు కింద నిలబడి, ప్రభుత్వ బంజరును ఆక్రమించినవారికి హెచ్చరిక చదవడం ప్రారంభించాడు.

"'పలకలపెంట నివాసులైన మీరు, కొండ జారునను నిరాధారమైన వదంతిని నమ్మి...'"

"సార్, ఇట్లా తిరిగి చదవండి," అన్నది ఓబులమ్మ.

"అడ్డు రాకమ్మా. '...నమ్మి, ప్రభుత్వ భూమిలో అక్రమముగా ప్రవేశించినందున, తక్షణమే మీ మీ గృహములకు తిరిగి వెళ్లవలెను. సదరు కొండ సమతలమైనదని...'"

అప్పుడు అతని వెనుక కొండ కదిలింది. పెద్ద చప్పుడు మొదట రాలేదు. మొదట నీలం బోర్డు నిలబడిన చోట నిలబడినట్లే ఉండి, ఊరివైపు ప్రయాణం మొదలుపెట్టింది. తరువాత దాని కింది బండ మొత్తం, ఒక ఊరంత బండ, చెదరని ముక్కగా, తడి పలకమట్టి మీద జారుకుంటూ వచ్చింది. ఇళ్లు విరిగిన చప్పుడు విని, మేకలు కూడా అరవడం మానేశాయి. ముప్పై ఒక్క ఇళ్లమీదికి ఎక్కి, ఆ బండ ఆగింది.

జ్ఞానప్రకాశం ఆ పక్కకు తిరిగి చాలాసేపు చూశాడు. చేతిలోని కాగితం వానకు తడిసి వేలాడింది.

"మిగతాది," అన్నాడు చివరకు, "చదివినట్లు భావించండి."

అంతమంది ఏడుస్తున్న చోట ఓబులమ్మ ఏడవలేదు. తన లెక్క మరొకసారి మొదటి నుంచి చేసుకున్నది. నూటముప్పై నాలుగు. ఎవరూ తగ్గలేదు.

*

వారం తరువాత కమిషనర్ గారు స్వయంగా వచ్చారు. ముఖం వెలిగిపోతున్నది. ఆయన వెంట ఫొటో తీసేవాడు, తనిఖీ పుస్తకం మోసుకుంటూ జ్ఞానప్రకాశం. మండలి సభ్యురాలిగా నన్నూ పిలిచారు. కూలిన ఊరిమీద పడుకుని ఉన్న బండపైకి నిచ్చెన వేసి అందరం ఎక్కాము.

ఆయన జేబులో నుంచి రసమట్టం తీశారు. సవరించినది కాదు, పాతది. దాచుకున్నారన్నమాట. బండమీద పెట్టారు. బుడగ నడిమధ్యకు వచ్చి నిలిచింది.

"చూశారా మేడమ్!" అన్నారు. "ఉత్తర్వు వెలువడిన నలభై మూడు రోజులలో అమలు జరిగింది. పర్వతం చేసిన వంపు సరి అయింది. ప్రాణనష్టం లేకుండా. దేశంలోనే మొదటిసారి."

"ఈ మనుషుల సంగతి?" అన్నాను.

"వీరి అర్జీ వాలు గురించి. ఇప్పుడు వాలు లేదు. అర్జీకి కారణం లేదు. మెట్ట ఖాళీ చేసి తమ తమ స్థలాలకు తిరిగి రావచ్చు. ఇంతకంటె చదునైన స్థలం జిల్లాలో లేదు." ఆయన నిచ్చెన కింద నిలబడిన ఓబులమ్మను చూసి చేయి ఊపారు. "ఏమ్మా! ఆ రోజు నీళ్లు పోసి చూపించావే. ఈ రోజు మళ్లీ పోసి చూపించు. ఫొటో తీస్తారు."

ఓబులమ్మ చెంబుతో ఎక్కి వచ్చింది. బండమీద అటూ ఇటూ నడిచి, కాలితో రెండు చోట్ల తట్టి, ఒకచోట ఆగింది. నీళ్లు పోసింది. నీళ్లు ఎటూ పోలేదు. ఆమె పాదాల ముందు గుండ్రంగా నిలిచి, ఆకాశం చూపించాయి.

"నిలబడ్డాయా?" అన్నారు కమిషనర్ గారు.

"నిలబడినాయి సార్. నిలబడక యేమి? కింద మా ఇండ్లు ఉండాయి గదా, ఆనుకోని. మీ ఆఫీసులో మేజాల కింద ఇటుకలు పెట్టినారే, అట్లనే. ఇది మా ఇల్లు," కాలితో తట్టి చూపింది. "ఆ మూలకు ఎత్తుగా ఉండాది చూడండి, ఆడ మా నడిపన్నది. ఆయప్ప రాతి గోడ కట్టినాడు."

ఫొటో తీసేవాడు కెమెరా దించాడు.

"ఆధారం వివరాలు అనవసరం," అన్నారు కమిషనర్ గారు. "జ్ఞానప్రకాశం, 'పొరలు సమతలముగా నున్నవి' అని రాయి. మేడమ్ సాక్షి సంతకం చేస్తారు."

జ్ఞానప్రకాశం రాశాడు. పుస్తకాన్నీ కలాన్నీ నాకు ఇచ్చాడు. నేను సంతకం చేయవలసిన చోటికి పైన, అతని వాక్యం చివర ఉన్న చుక్కను కామాగా మార్చి, రాయడం మొదలుపెట్టాను: 'ముప్పై ఒక్క ఇళ్లమీద ఆనుకొని.'

"ఓబులమ్మా, పేర్లు చెప్పు," అన్నాను. "పడమటి కొస నుంచి."

ఆమె బండమీద నడుస్తూ, ఒక్కొక్కచోట ఆగి, కాలి కింద ఎవరి ఇల్లున్నదో చెప్పింది. నేను రాశాను. నా దస్తూరి ఇప్పటికీ స్పష్టంగా ఉంటుంది. యజమాని పేరు, ఎన్ని గదులు, కప్పు దేనితో వేసినది. తొమ్మిదవ ఇంటి దగ్గర కమిషనర్ గారికి సంగతి అర్థమైంది. ఆ పేర్లు ఆ పుస్తకంలో ఉంటే, ఆ ఇళ్లు ఉండేవి. ఇళ్లు ఉండేవంటే, అవి పోయాయి. పోయాయంటే, ఎట్లా పోయాయో ఎవరైనా అడగవచ్చు.

"ఏమిటిది మేడమ్? ఆపండి. జ్ఞానప్రకాశం, ఆ పేరాను కొట్టివేయి."

జ్ఞానప్రకాశం కదలలేదు. నిలబడిన నీళ్లవైపు చూస్తున్నాడు.

"వినపడలేదా? కొట్టివేయి!"

"నిబంధన పద్నాలుగు సార్," అన్నాడతను, ఎప్పటిలాగే వినయంగా. "ఒకసారి ఎక్కిన అక్షరమును ఎంతటి అధికారియు కొట్టివేయరాదు."

కమిషనర్ గారు నోరు తెరిచారు. ముప్పై ఏళ్ల సర్వీసు ఆ నోటిని మూయించింది. నిచ్చెన దిగి, కారువైపు నడిచారు.

వాన మళ్లీ సన్నగా మొదలైంది. జ్ఞానప్రకాశం తన గొడుగు తెచ్చి, నామీద కాదు, పుస్తకం మీద పట్టాడు. ముప్పై ఒకటవ పేరు దగ్గర నేను సంతకం చేయబోతుంటే ఓబులమ్మ వంగి చూసింది.

"అయిపోలేదమ్మా. ఈడ మా మేకల కొట్టం ఉన్నింది. అదీ రాయి."

రాశాను.